పెండ్లి మాటలలో చేరని మాట

మన ఇండ్లలో సంబంధము ఖాయము చేసికొను దినమున ఒక మూల కూర్చుండి వినినవారికి ఒక వింత తోచును. దస్తర్‌ఖాను ఎత్తివేసిన పిమ్మట పెద్దలు మాటలకు దిగుదురు. వలీమాకు బిర్యానీతో పాటు ఎన్ని రకములు వడ్డింపవలెను, ఫంక్షన్ హాలు బాడుగ ఎవరు భరింపవలెను, జహేజ్ అను మాట నోట పలుకకయే జహేజ్ అంతయు ఎట్లు ముట్టవలెను అను విషయములపై రెండు మూడు గంటలు గడచిపోవును. షరీఅత్తు వధువునకు హక్కుగా నొసగిన మెహర్ పది నిమిషములలో తేలిపోవును. రేపు తల్లిదండ్రులు కానున్న ఈ యిద్దరి ఆరోగ్యమెట్లున్నది, ఆ బాధ్యతకు వీరు సిద్ధముగా నున్నారా అను ప్రశ్న మాత్రము ఆ గదిలో ఎవరి నోటను రాదు. మన పొరుగున నున్న హిందూ సోదరుల ఇండ్లలో జాతకములు చూతురు, గుణములు లెక్కింతురు, గోత్రము విచారింతురు. అక్కడను ఈ ప్రశ్న రాదు. పెండ్లియై ఆరు మాసములు గడవకముందే "విశేషమేమైనా ఉన్నదా?" అని కోడలిని అడుగుటకు మాత్రము వీధివారందరును సిద్ధము.

కళాశాల వార్షిక సంచికలో ఇట్టి విషయము వ్రాయుట తగునా యని పెద్దలు కొందరు నొసలు చిట్లింపవచ్చును. వ్రాయుటకు ముందు మేమును సంకోచించితిమి. కాని ఈ సంచిక చదువు చివరి సంవత్సరపు విద్యార్థులలో చాలమంది నాలుగైదు సంవత్సరములలో తల్లులో తండ్రులో కాగలవారే. వారికి మనము అణువు నిర్మాణము చెప్పితిమి, అక్బరు భూమిశిస్తు విధానము చెప్పితిమి, చక్రవడ్డీ లెక్కలు చెప్పితిమి. మానవజన్మలో అందరికంటె పెద్దదైన బాధ్యతను గూర్చి మాత్రము "అదంతయు పెండ్లియైనచో దానంతట అదే తెలియును" అని వదలివేసితిమి. దానంతట అది తెలియుట లేదు. ఆ తెలియకపోవుట వలన కలుగు నష్టమును పిల్లలు భరించుచున్నారు.

గర్భము ఆడువారి వ్యవహారమనియు, నెల తప్పిన తరువాత మొదలగు వ్యవహారమనియు మన వారి నమ్మకము. ఈ రెండును పొరపాట్లే. రెండవ దానిని ముందుగా చూతము.

తల్లి గర్భమున శిశువు మెదడు, వెన్నుపాము ఒక సన్నని నాళము నుండి ఏర్పడును. ఆ నాళము గర్భధారణ జరిగిన 28 దినములలోపల పూర్తిగా మూసికొనవలెను. మూసికొనని యెడల బిడ్డ వెన్నెముక చీలికతోనో, అంతకంటె దారుణమైన లోపముతోనో జన్మించును. నెల తప్పినదని స్త్రీకి అనుమానము కలుగునాటికే ఈ 28 దినములలో సగము గడచిపోవును. మరికొన్ని దినములు సిగ్గుతోను, మరికొన్ని దినములు అత్తగారికి చెప్పుట యెట్లను ఆలోచనతోను పోవును. రెండవ నెలలోనో మూడవ నెలలోనో వైద్యురాలి యొద్దకు పోయి ఫోలిక్ ఆమ్లపు మాత్రలు తెచ్చుకొనునాటికి ఆ నాళము పని ముగిసియే యుండును. ఆ మాత్రలు తల్లికి ఇతరవిధముల మేలు చేయునుగాని, ఈ ఒక్క పనికి మాత్రము ఆలస్యమైనట్లే. అంతకుముందు ఇట్టి లోపముగల బిడ్డను కనిన స్త్రీలు గర్భధారణకు పూర్వము నుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొనినచో, ఆ లోపము తిరిగి వచ్చుట 72 శాతము తగ్గినదని బ్రిటన్ వైద్య పరిశోధక మండలి 1991లో ప్రకటించినది. నేడు ప్రపంచమంతటను వైద్యులు చెప్పునది ఒక్కటే: గర్భము ధరింపదలచిన స్త్రీ కనీసము ఒక నెల ముందు నుండి, వీలైనచో రెండు మూడు నెలల ముందు నుండి, దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెను. అంతకుముందు లోపముగల శిశువు కలిగియున్నచో వైద్యుని సలహాపై పదింతల మోతాదు వాడవలసియుండును. పాలకూర, మెంతికూర, పప్పులు మంచివే. కాని మనము వండు తీరులో వానిలోని ఈ పోషకము చాలవరకు నశించును గనుక వానిపై మాత్రమే ఆధారపడరాదు.

ఈ మాత్ర ఖరీదైనది కాదు. చిక్కు మరియొక చోట నున్నది. కొత్తగా అత్తవారింటికి వచ్చిన కోడలు ఒంటరిగా మందుల దుకాణమునకు పోయి మాత్రలు కొని తెచ్చుకొనగలదా? తెచ్చుకొనినను, "అప్పుడే ఏమి జబ్బు వచ్చినది?" అను ప్రశ్న ఇంటిలో ఎన్ని నోళ్ళ నుండి వచ్చును? ఆ మాత్రలు భర్త కొని తేవలెను. ఎందులకు తెచ్చెనో తన తల్లికి తానే చెప్పవలెను. దంపతుల ఉమ్మడి సంసిద్ధత అనునది ఇంత చిన్న పనితో మొదలగును.

రక్తహీనత సంగతియు అట్టిదే. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయసుగల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదు. పురుషులలో అది 25 శాతము. ఈ వ్యత్యాసమునకు ప్రకృతి కొంత కారణము. మిగిలిన కారణము మన దస్తర్‌ఖాను మీద కనబడును. ముందు అతిథులు, తరువాత ఇంటి మగవారు, ఆపై పిల్లలు, అందరును లేచిన పిమ్మట అడుగున మిగిలిన శోర్వాతో ఇంటి కోడలు. భార్యను గర్భమునకు సిద్ధము చేయదలచిన భర్త ఖరీదైన టానిక్కు సీసా తెచ్చుటకంటె ముందుగా ఆమెతో కలిసి కూర్చుండి భుజించుట నేర్చుకొనవలెను. ఎవరి పళ్ళెములో ఏమి పడుచున్నదో అప్పుడు గాని కంటికి కనబడదు. మరియొక మాట. భోజనమైన వెంటనే చాయ్ త్రాగు అలవాటు మన నగరములలో ఎక్కువ. చాయ్ ఆహారములోని ఇనుమును శరీరమునకు పట్టనీయదు. ఇరానీ చాయ్‌ను మానుమని చెప్పు సాహసము మాకు లేదు, ఒక గంట ఆగి త్రాగుడని మాత్రము విన్నవింతుము.

మధుమేహము, రక్తపోటు, థైరాయిడ్ లోపము ఉన్నవారు వానిని అదుపులోనికి తెచ్చుకొనిన తరువాతనే గర్భమును ఆశింపవలెను. రక్తములో చక్కెర అదుపు తప్పియున్నచో శిశువు అవయవములు ఏర్పడు మొదటి వారములలోనే హాని కలుగును. మూర్ఛవ్యాధికి వాడు వాల్‌ప్రోయేట్ వంటి మందులు, మొటిమలకు మ్రింగు ఐసోట్రెటినాయిన్ గర్భస్థ శిశువునకు ప్రమాదకరములు. అట్లని తమంతట తాము మందులు మానరాదు, మార్పించుకొనుటకు వైద్యుని ముందుగానే అడుగవలెను. రుబెల్లా టీకా 2017 నుండి మన దేశమున 9 నెలలు మొదలు 15 సంవత్సరముల లోపు పిల్లలకు వేసిరి. ఆనాటికి ఆ వయసు దాటిన యువతులు చాలమంది దానిని పొందియుండలేదు. వేయించుకొనినచో, అటు తరువాత ఒక నెల గర్భము ధరింపకుండ జాగ్రత్తపడవలెను.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వత్తుము.

మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులందరును మెండెల్ బఠాణీ మొక్కల ప్రయోగమును చదివినవారే. మూడింటికి ఒకటి అను నిష్పత్తిని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనినవారే. ఆ నిష్పత్తి తమ ఇంటి గడప దాటి లోనికి రాగలదని మాత్రము ఎవరును ఊహింపరు. మేమెరిగిన ఒక పూర్వ విద్యార్థి జీవశాస్త్రము బోధించి జీవనము గడుపుచున్నాడు. తన చాచా కూతురిని నికాహ్ చేసికొనెను. మొదటి బిడ్డ ఆరోగ్యముగా నున్నది. రెండవ బిడ్డకు ఏడవ మాసమున ముఖము పాలిపోయి, పొట్ట ఉబ్బి, పాలు త్రాగుట మానివేసినది. థలసీమియా అని తేలినది. నాటి నుండి మూడు వారముల కొకసారి ఆ పసివానికి రక్తమెక్కింపవలెను. అట్లు ఎక్కించిన రక్తము వలన దేహములో పేరుకొను ఇనుమును తొలగించుటకు ప్రతిదినము మందు వాడవలెను. "ఇరువది ఏండ్లుగా పిల్లలకు నల్లబల్ల మీద ఈ గళ్ళు గీసి చూపుచున్నాను, నా పేరు, మా ఆమె పేరు అందులో వ్రాసి చూచుకొనవలెనని ఒక్కనాడును తోచలేదు" అని అతడు మాతో చెప్పినాడు.

థలసీమియా లక్షణమును మోయుచున్న వ్యక్తి రోగి కాడు. అతడు పని చేయును, ఆటలాడును, నూరేండ్లు బ్రతుకవచ్చును, తనలో ఆ లక్షణమున్నదని ఎన్నటికిని తెలియకపోవచ్చును. భారతదేశమున నూటికి ముగ్గురు నలుగురు ఇట్టివారున్నారని కేంద్ర ఆరోగ్య శాఖ వారి అంచనా. ఇట్టివారిద్దరు వివాహమాడినప్పుడే చిక్కు. ప్రతి కాన్పులోను బిడ్డకు పూర్తి వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము. మొదటి బిడ్డ ఆరోగ్యముగా పుట్టినంత మాత్రమున రెండవ కాన్పులో ఆ అవకాశము తగ్గదు.

దగ్గరి బంధువుల వివాహములలో ఒకే లక్షణము ఇరువురియందును ఉండు అవకాశము హెచ్చు. ఈ విషయమున మన రెండు సమాజములును ఒకరినొకరు వేలెత్తి చూపుకొనుట ఒక వేడుక. మామూ మేనకోడలిని పెండ్లాడుట మన ధర్మమున నిషిద్ధము గనుక తెలుగు హిందువుల మేనమామ సంబంధమును చూచి మనవారు ఆశ్చర్యపడుదురు. పెదనాన్న, చిన్నాన్న పిల్లలు వారికి అన్నాచెల్లెండ్రు గనుక మనము చాచా కూతురిని చేసికొనుట చూచి వారు ముక్కున వేలు వేసికొందురు. రక్తమునకు ఈ వరుసలు తెలియవు. మేనమామ మేనకోడండ్రకు నాలుగవ వంతు, చాచా, మామూ, ఖాలా, ఫూఫీ పిల్లలకు పరస్పరము ఎనిమిదవ వంతు జన్యువులు ఉమ్మడిగా నుండును. సామాన్యముగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులు ఏదేని పుట్టుక లోపముతో జన్మింతురు. ఒక తరము దాయాదుల వివాహములో ఆ సంఖ్య ఇంచుమించు రెట్టింపగును. న్యాయముగా చెప్పవలెనన్నచో, ఇట్టి దంపతులలో అధికసంఖ్యాకులకు ఆరోగ్యవంతులైన పిల్లలే కలుగుచున్నారు. కావున చేసికొనిన వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. తరతరములుగా ఒకే కుటుంబమున ఇచ్చిపుచ్చుకొనుచున్న వారు పరీక్ష చేయించుకొనకుండ ముందునకు పోరాదని మాత్రమే మా అభిప్రాయము.

పరీక్ష అనగానే మన ఇండ్లలో ఎవరివైపు చూతురో అందరికిని తెలిసినదే. మేము ఈ మాట ఎత్తినప్పుడు ఒక తల్లి మాతో వాదించినది: "నా కూతురి రక్తములో ఏదో ఉన్నదని కాగితము మీద వచ్చిన తరువాత దానిని ఎవరు చేసికొందురు? మీరు వ్రాసి పోవుదురు, పిల్ల ఇంటిలో మిగిలిపోవును." ఈ వాదములో బలమున్నది. ఆడపిల్లకు అంటిన మచ్చ, అది మచ్చ కాకపోయినను, మన సమాజమున తుడుచుకొనిపోదు. ఆమెకు సమాధానము చెప్పకుండ పరీక్షలు చేయించుకొనుడని ప్రచారము చేయుట ధర్మము కాదని మాకు తోచినది.

ఆ సమాధానము మేము ఇరాన్ దేశమున చూచితిమి. అక్కడ 1997 నుండి నికాహ్‌కు పూర్వము థలసీమియా పరీక్ష దేశమంతటను అమలులోనికి వచ్చినది. వారు చేసిన ఏర్పాటులో ఒక వివేకమున్నది. మొదట వరుని రక్తమును పరీక్షింతురు. అతని ఎర్రకణములు తగిన పరిమాణములో నున్నచో వధువును పరీక్షింపనవసరమే లేదు, ఏలయన ఒకరు మాత్రమే వాహకులైనచో బిడ్డకు పూర్తి వ్యాధి రాదు. వరునిలో అనుమానము కలిగినప్పుడే వధువునకు పరీక్ష. ఇద్దరును వాహకులని తేలినచో వారికి సంగతి వివరించి చెప్పి నిర్ణయమును వారికే విడిచిపెట్టుదురు. సౌదీ అరేబియాలోను 2004 నుండి వివాహపూర్వ రక్తపరీక్ష తప్పనిసరి యైనది. మక్కా, మదీనాలున్న దేశమునకు అడ్డురాని ధర్మము మనకు మాత్రము ఎట్లు అడ్డువచ్చునో మాకు బోధపడదు.

మన దేశమున ఇప్పటికిని ఆచారము తలక్రిందులుగా నున్నది. గర్భిణి యైన తరువాత భార్యకు పరీక్ష, ఆమెలో తేలినచో అప్పుడు భర్తకు కబురు. అప్పటికి నెలలు గడచియుండును, ఇంటిలో ఏడ్పులు మొదలైయుండును. ఈ వరుసను మార్చవలెను. సాధారణ రక్తకణముల లెక్క, అనగా సి.బి.సి. పరీక్ష, ఏ చిన్న పట్టణములోనైనను కొలది ఖర్చుతో జరుగును. అందులో ఎం.సి.వి. అను అంకె 80 కంటె గాని, ఎం.సి.హెచ్. అను అంకె 27 కంటె గాని తక్కువగా నున్నచో అది ఇనుము లోపము కావచ్చును, థలసీమియా లక్షణమును కావచ్చును. హెచ్.పి.ఎల్.సి. అను మరియొక పరీక్షతో అది తేలును. సికిల్ సెల్ లక్షణము సి.బి.సి.లో బయటపడకపోవచ్చును గనుక, కుటుంబమున ఆ జబ్బున్నవారు నేరుగా రెండవ పరీక్షనే చేయించుకొనుట మేలు. హైదరాబాదు నగరమున 1998లో వెలసిన థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ వారు ఈ పిల్లలకు రక్తమెక్కించుటతో పాటు ఇట్టి పరీక్షలను గూర్చియు కృషి చేయుచున్నారు.

ఈ ముందడుగు మన విద్యార్థి సోదరులు వేయవలసియున్నది. సంబంధములు చూచుట మొదలు కాకముందే తన రక్తమును తానే పరీక్ష చేయించుకొని ఆ కాగితమును దాచుకొనిన యువకుడు, ఎవరో తెలియని తన కాబోవు భార్యను ఒక అవమానము నుండి తప్పించినవాడగును.

పురుషుని సంసిద్ధత రక్తపరీక్షతో ముగియదు. వీర్యకణము తయారగుటకు రెండున్నర నెలల కాలము పట్టును. కావున నేడు నమలిన గుట్కా, పీల్చిన సిగరెట్టు, త్రాగిన మద్యము ప్రభావము మూడు నెలల తరువాతి గర్భముపై పడవచ్చును. తండ్రి కాదలచినవాడు కనీసము మూడు నెలలు ముందుగా వీనిని విడువవలెను. బిడ్డ పుట్టిన పిదప ఇంటిలో మరల పొగ త్రాగుట ఎట్లును కూడదు గనుక, తిరిగి మొదలుపెట్టకుండుటే తెలివి. వ్యాయామశాలలలో కండలు పెరుగుటకై యువకులు కొందరు హార్మోను సూదులు వేయించుకొనుచున్నారని వినుచున్నాము. బయటికి మగతనమును చూపు ఆ సూదులు లోపల వీర్యోత్పత్తిని ఆపివేయునని వారికెవ్వరును చెప్పుట లేదు కాబోలు.

సంతానము కలుగని దంపతులలో దాదాపు సగము జంటలయందు కారణము పూర్తిగానో పాక్షికముగానో పురుషునిలోనే ఉండును. అయినను దర్గాలకు, తావీజులకు, తరువాత వైద్యులకు తిరుగునది భార్య. సూదులు, స్కానింగులు, శస్త్రచికిత్సలు ఆమెకే. భర్తకు చేయవలసిన వీర్యపరీక్ష అన్నిటికంటె సులభమైనది, చౌకైనది, అయినను దానిని అందరికంటె చివర, ఒక్కొక్కచోట రెండవ నికాహ్ కూడ అయిన తరువాత చేయింతురు. ఒక సంవత్సరము వేచి చూచినను గర్భము రానిచో, భార్య వయసు 35 దాటినచో ఆరు మాసములకే, ఇద్దరును ఒకే దినమున ఒకే వైద్యుని యొద్దకు పోవలెను. వరుసగా ఆడపిల్లలు పుట్టిరని కోడలిని నిందించు ఇండ్లను గూర్చి ఇక్కడ వ్రాయనక్కరలేదు. ఎక్స్, వై క్రోమోజోముల పాఠము మన విద్యార్థులందరికిని కంఠస్థమే, ఇంటికి పోయి చెప్పుటయే మిగిలియున్నది.

మన ఆచారములలో మేము మెచ్చుకొనుచునే శంకించునది ఒకటి కలదు. ఏడవ నెలలో సత్వాసా జరిపి, తొలి కాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి తీసికొనిపోవుదురు. తెలుగువారి సీమంతము, పురుడు కూడ ఇట్టివే. తల్లి చేతి వంట, తల్లి చేతి స్నానము, చిల్లా నలుబది దినముల విశ్రాంతి ఎంతో మేలైనవి. వానిని కాదను మూర్ఖులము కాము. కాని ఈ నాలుగైదు మాసములలో తండ్రి ఎక్కడ? ఛఠీ నాడు కొత్త బట్టలతో వచ్చి ముందుగదిలో కూర్చుండును. ఎవరో బిడ్డను తెచ్చి చేతిలో పెట్టుదురు. రెండు ఫోటోలు తీయుదురు. బిడ్డ ఏడ్వగానే లోనికి తీసికొనిపోవుదురు. రాత్రి మూడు గంటలకు బిడ్డ ఎట్లు ఏడ్చునో, ఎందులకు ఏడ్చునో అతనికి తెలియదు. అటు పిమ్మట భార్య తిరిగివచ్చునాటికి ఆమె ఆరితేరిన తల్లి, అతడు ఏమియు తెలియని అతిథి. "మగవారికి పిల్లల పని చేతకాదు" అని మనమే తేల్చివేయుదుము. నేర్చుకొను అవకాశము ఇచ్చినదెప్పుడు?

ప్రసవము తరువాత మన దేశమున దాదాపు ఐదుగురు తల్లులలో ఒకరికి మానసికమైన క్రుంగుబాటు కలుగుచున్నదని పరిశోధనలు చెప్పుచున్నవి. నిద్ర పట్టదు, బిడ్డ మీద ఇష్టము కలుగదు, ఏడ్పు ఆగదు. ఇంటి పెద్దలు దానికి నజర్ అనియో సాయా అనియో పేరు పెట్టుదురు. దువా చదివింపుడు, తప్పు లేదు. దానితోపాటు వైద్యునికి చూపింపుడు. ఈ మార్పును మొదట గమనింపగలవాడు భర్త. గమనించుటకు దగ్గర నుండవలెను గదా.

దగ్గర నుండలేనివారును చాలమంది కలరు. కడప, కరీంనగరము, హైదరాబాదు పాతబస్తీ నుండి ఎందరో యువకులు రియాద్‌లో, దుబాయిలో, కువైట్‌లో శ్రమించుచున్నారు. రెండు నెలల సెలవుపై వచ్చుట, నికాహ్, తిరుగు ప్రయాణము, తరువాత వీడియోలో బిడ్డ ముఖము. వారి కష్టమును తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అట్టివారు వచ్చుటకు మూడు నెలల ముందే భార్య ఫోలిక్ ఆమ్లము మొదలుపెట్టునట్లు చూడవచ్చును. పోవుటకు ముందు ఆమె రక్తవర్గము, తన రక్తవర్గము కాగితము మీద వ్రాసి ఇంటిలో ఉంచవచ్చును. భార్యది నెగటివ్, భర్తది పాజిటివ్ అయినచో ఆ మాట వైద్యురాలికి మొదటి దినముననే చెప్పవలసియుండును, దానికి వేయు సూది వేరే కలదు. అవసరమైనప్పుడు రక్తమిచ్చు ఇద్దరు మిత్రుల పేర్లు, ఏ ఆసుపత్రి, అర్ధరాత్రి వేళ వాహనము ఎవరిది, 108కి ఎవరు ఫోను చేయవలెను, ఖర్చునకు సొమ్ము ఎవరి చేతిలో నున్నది, ఇవన్నియు ముందే తేల్చి పోవచ్చును. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగు ఏర్పాటు 2016 నుండి కలదు. అది తెలియక అప్పుచేసి ప్రయివేటు ఆసుపత్రులకు పోవు కుటుంబములు మన పేటలలోనే ఉన్నవి.

శస్త్రచికిత్స కాన్పులను గూర్చియు ఒక మాట. 2019–21 సర్వేలో తెలంగాణమున జరిగిన ప్రసవములలో 60.7 శాతము సిజేరియన్‌లని తేలినది. దేశము మొత్తము మీద అది 21.5 శాతము. తల్లిని, బిడ్డను కాపాడుటకు అవసరమైన సిజేరియన్ ఒక వరమే. అయినను మూడింతల వ్యత్యాసము తెలంగాణ స్త్రీల దేహనిర్మాణము వలన వచ్చినది కాదు. ఆసుపత్రి వరండాలో చివరి నిమిషమున కాగితము మీద సంతకము పెట్టు భర్త ఏమని ప్రశ్నింపగలడు? ప్రతి పరీక్షకు భార్యతో కూడ పోయి, ఎనిమిదవ నెలలోనే "ఆపరేషను అవసరమగునా, ఏ కారణమున?" అని ఇద్దరును కలిసి అడిగియున్నచో ఆ సంతకమునకు ఒక అర్థముండును.

ఇది పాశ్చాత్యుల పద్ధతి, మనది కాదు అనువారికి సూరా బఖరా 233వ ఆయత్‌ను చూపింతుము. బిడ్డకు పాలిచ్చు కాలమును అది రెండు పూర్ణ సంవత్సరములుగా పేర్కొన్నది. అంతకుముందే పాలు మాన్పింపదలచినచో తల్లిదండ్రులిరువురును పరస్పర సమ్మతితో, సంప్రదించుకొని చేయవలెనని చెప్పినది. పాలు మాన్పించుటవంటి విషయమునకే ఇరువురి సంప్రదింపు కావలసినప్పుడు, ఆ బిడ్డను ఈ లోకమునకు తెచ్చుటకు ముందు సంప్రదింపు వలదనుట ఎట్లు? కాన్పునకు కాన్పునకు నడుమ తగిన ఎడముండవలెనని, ఒక బిడ్డ పుట్టిన తరువాత కనీసము 24 నెలలు ఆగి మరల గర్భము ధరింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ రెండు సంవత్సరముల లెక్క మన ఇండ్లకు కొత్తది కాదు.

మన పాలక సంఘమువారికి మా విన్నపములు పెద్దవి కావు. ప్రతి సంవత్సరము చివరి సంవత్సరపు విద్యార్థులకు ఒక పూట ఈ విషయముపై ప్రసంగము ఏర్పాటు చేయుడు. బాలికలకు ఒక వైద్యురాలు, బాలురకు ఒక వైద్యుడు వేరువేరు గదులలో చెప్పినను మాకు అభ్యంతరము లేదు, బాలుర గది ఖాళీగా నుండరాదు. ఆ పూటనే రక్తపరీక్షా శిబిరము జరుపుడు. మొదటి సంవత్సరమున కేవలము బాలురకు, అందును ఇష్టపడినవారికి మాత్రమే చేయింపుడు. ఫలితమును ఎవరిది వారికి మూసిన కవరులో ఈయవలెను. కార్యాలయములో నకలు ఉంచరాదు, తల్లిదండ్రులు వచ్చి అడిగినను చెప్పరాదు. మూడవది సిబ్బందిని గూర్చినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు బిడ్డ పుట్టినప్పుడు 15 దినముల పితృత్వ సెలవు కలదు. మన కళాశాలలో అన్‌ఎయిడెడ్ పద్ధతిపై పనిచేయు యువ ఉపన్యాసకులకు అట్టి సెలవు ఇచ్చుటకు ప్రభుత్వానుమతి అవసరము లేదు, సంఘము వారి తీర్మానము చాలును.

సాధారణముగా ఫిబ్రవరి చివరి వారమున వీడ్కోలు సభ జరుగుచున్నది. ఆ సభకు ముందు దినమున గ్రంథాలయపు పై అంతస్తు ఖాళీగా నుండును. శిబిరమునకు కావలసినవి రెండు బల్లలు, ఒక తెర, పది కుర్చీలు. బాలురలో పేరు నమోదు చేయించుకొనదలచినవారు సంచిక సంపాదక వర్గమునకు చీటీ వ్రాసి యిచ్చినచో, ఆ చీటీలను లెక్కించి ప్రిన్సిపాల్‌గారికి మేమే అందజేయుదుము. మా వర్గములోని నలుగురు యువకులు తమ చీటీలను ఇప్పటికే వ్రాసి యిచ్చినారు.